తెల్ల బొద్దింక

ఇట్లా దగ్గరికి జరుగు బంగారం, ఫ్యాను చప్పుడులో నా మాట వినపడదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్‌కు వంట చేసే యాదలక్ష్మి ముచ్చట ఇది.

ఒక ఆదివారం పొద్దున ఆమె మీర్‌పేట్ నుంచి గోంగూర సంచి తెచ్చి వంటింట్లో దింపింది. కాసేపటికి సింకు పక్కన పాలరంగు పురుగొకటి కనిపించింది. కళ్లు మాత్రం నల్ల చుక్కలు. పిల్లలు గోలపెట్టారు. హాస్టల్ యజమాని శేషారత్నం వచ్చి చూసింది.

"ఈ తెల్ల జాతి మా దగ్గర ఎప్పుడూ లేదు. నీ సంచిలోంచే వచ్చింది. సాయంత్రానికి నీ బట్టలు సర్దుకో, యాదలక్ష్మీ."

"ఆకు ఆకు దులిపి తెచ్చిన అమ్మా. గా సంచిలకెళ్లి ఎట్లొస్తది?"

నల్గొండ దిక్కున యాదలక్ష్మి ఇల్లు ఎప్పుడో కూలింది. వంటింటి పక్క గదిలోనే పడుకుంటుంది. పని పోతే నీడా పోతుంది.

ఆ హాస్టల్‌లోనే ఉంటూ జువాలజీ లెక్చరర్ పరీక్షకు చదువుకునే విజయదుర్గ ఆ పురుగుపై గాజు గ్లాసు బోర్లించి, గాలాడేందుకు అంచు కింద అగ్గిపుల్ల పెట్టింది.

"ఇది మామూలు బొద్దింకే ఆంటీ. ఇప్పుడే పాత తోలు విడిచింది. దీని నరాల్లోంచి బర్సికాన్ అనే హార్మోన్ ఒళ్లంతా పాకితే గానీ కొత్త తోలు గట్టిపడదు, రంగు తేలదు. సాయంత్రం దాకా ఆగండి."

"ప్రయోగాలకి నా వంటిల్లే దొరికిందా నీకు?" అంటూనే శేషారత్నం ఆగింది.

యాదలక్ష్మి ఉల్లిపాయలు తరుగుతూ దాన్నే చూసింది. గంట గడిచినా తెలుపే. పొయ్యి మీద టీ డికాషన్ ఉంది. పురుగుకు గోధుమ రంగు పట్టించడానికి ఒక్క చుక్క చాలు, ఎవరూ చూడరు. చెంచా ముంచి, గ్లాసు ఎత్తింది. ఇన్నేళ్లలో ఎన్నింటిని చీపురుతో కొట్టిందో లెక్కలేదు. ఇది మాత్రం పరుగెత్తలేదు, కాళ్లు ముడుచుకుని ఒదిగింది. ఒళ్లు ఇంత మెత్తగా ఉన్నప్పుడు వేడి చుక్క తగిలితే ఏమవుతుందో. తన ఒంట్లోనూ తనకు తెలియకుండా ఇట్లాంటి పని ఏదో జరుగుతూ ఉంటుందా అనుకుంది. చెంచా పక్కన పెట్టి గ్లాసు మళ్లీ బోర్లించింది.

మధ్యాహ్నం రెండింటికి దాని వీపు తేనెరంగుకు తిరిగింది. నాలుగింటికి అది అందరూ ఎరిగిన బొద్దింకే.

విజయదుర్గ గిన్నెల అలమర వెనక్కి ఫోను లైటు వేసింది. అక్కడ విడిచిన తోళ్లు, చిన్నవీ పెద్దవీ, దుమ్ము పట్టి ఉన్నాయి. శేషారత్నం చాలాసేపు వంగి చూసింది.

"మీ ఇంట్ల పుట్టినయే అమ్మా," అంది యాదలక్ష్మి. "అలమర జరపాలె. జర అటు పట్టుండ్రి."

శేషారత్నం కొంగు దోపుకుని పట్టింది. "రేపటికి మినప్పప్పు నానబోశావా?"

"పొమ్మంటిరి గదా."

"ఇప్పుడు నానబొయ్యి."

ఇది మనసులో పెట్టుకో బంగారం. తెల్ల బొద్దింకను చూసి ఎవరైనా జడిస్తే ఈ ముచ్చట చెప్పు. ఆ చెంచా సంగతి మాత్రం విడిచిపెట్టకు.