స్పందించలేదు

పెనం మీద ఒక రొట్టె కాలుతూ, హుమేరా చేతులు పిండిలో ఉండగా భర్త ఫోను మోగింది. సమీవుల్లా స్నానానికి వెళ్ళాడు. అతని టైర్ల దుకాణం నుంచేమో అనుకుని మోచేత్తో స్పీకరు నొక్కింది.

"సార్, సర్పంచ్ ఆనందమ్మని, కార్వేటినగరం పక్కనుంచి. మేడమ్‌కి చెప్పినారా? ఇది నాలుగో తూరి సెయ్యడం. రేపే గ్రామసభ. ఈసారి తీర్మానం నేనే సదవతా, మా ఆయన కాదు. మేడమ్ వచ్చి ముందర కుర్చీలో కూసుంటే నాకు దైర్యం. మీరేమో తీరిక లేదంటారు. ఆ మాటేదో ఆయమ్మనే చెప్పమనండి సార్."

హుమేరా పిండి చేతులు కొంగుకు తుడుచుకుని ఫోను అందుకోబోయింది. ఈలోగా అవతలామె "సరేలే సార్" అని పెట్టేసింది.

ఆరేళ్ళ కిందట హుమేరా రాజనీతిశాస్త్రం ప్రొఫెసర్ అయినప్పుడు సమీవుల్లా సంతోషం పట్టలేక కార్డులు అచ్చు వేయించాడు. బంగారు అక్షరాల్లో ఆమె పేరు, కింద తన నంబరు. "నువ్వు క్లాసులో ఉంటావు. నేనైతే ఎవురు చేసినా ఎత్తుతా" అన్నాడు. ఆమె మురిసిపోయింది కూడా, ఏం చెప్పాలి! అత్త గుల్జార్ బేగం ఇంకాస్త మెచ్చుకుంది: "మంచి పని జేసినావు బిడ్డా. ఆడమనిషి నంబరు ఊరంతా పంచుతారా యాడైనా?"

పోయినేడు సర్పంచుల శిక్షణలో హుమేరా పంచినవి ఆ కార్డులే.

పరిశోధన చేసే రోజుల్లో పుత్తూరు బస్సెక్కి, దుమ్ములో నడిచి, పంచాయతీ ఆఫీసు అరుగుల మీద కూర్చునేది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న ఆడవాళ్ళు ఎప్పటికో మొదటి మాట అనేవాళ్ళు. ఆ ఒక్క మాట కోసం పొద్దంతా కాచుకునేది. ఇప్పుడు పాఠాలు, పేపర్లు దిద్దడం, సాయంత్రం రొట్టెలు, అత్తకు మాత్రలు. ఊళ్ళ నుంచి పిలుపులు ఎందుకు ఆగిపోయాయో తెలియక, తనకే పస తగ్గిందనుకుంది. పరీక్ష పేపర్ల కట్ట ముందు కూర్చుని, ఆ అరుగుల కోసం ఎన్నోసార్లు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పిలుపులు వస్తూనే ఉన్నాయన్నమాట. తన దాకా రాలేదు, అంతే.

అంతకన్నా సిగ్గుచేటు పని ఆమె తనే చేసింది. మహిళా సర్పంచుల మీద రాస్తున్న పుస్తకం కోసం నలభై మందికి ఫోన్లు చేస్తే ముప్పై ఒక్క చోట మగవాళ్ళు ఎత్తారు. "పొలంలో ఉండాది." "దానికేం తెల్దు, నన్నడగండి." ఆ ముప్పై ఒక్కరి పేర్లకెదురుగా ప్రొఫెసరమ్మ ఒకే మాట రాసింది: స్పందించలేదు. పద్నాలుగో పేరు ఆనందమ్మది.

సమీవుల్లా తల తుడుచుకుంటూ వచ్చాడు. "ఎవురు ఫోను?"

"నాకే. ఆనందమ్మ."

"ఆయమ్మేనా? ఎండలో అంత దూరం యాడ పోతావని నేనే రాదని చెప్పినా. నీ మంచికే గదా."

"ఇట్లాంటివి ఎన్నొచ్చినాయి?"

"అవన్నీ గుర్తు పెట్టుకుంటారా? రొట్టె మాడతాండాది సూడు."

మాడనీ అనుకుంది. చేతులు కడుక్కుని, ఆ నంబరుకు తన ఫోను నుంచి చేసింది. మగగొంతు పలికింది.

"సర్పంచ్ గారిల్లు. నేను మునిశేఖర్ని, ఆమె ఇంటాయన్ని. ఏందో నాకు చెప్పండి."

"ఆమెతోనే మాట్లాడాల."

"పనిలో ఉండాది."

"ఆమె వచ్చేదాకా నేను ఫోను పెట్టను."

అవతల గొణుగుడు, గిన్నెల చప్పుడు. చాలాసేపటికి భయం భయంగా "హలో" అని వినబడింది.

"ఆనందమ్మా, నేను హుమేరాని. నేనే మాట్లాడేది. రేపు పొద్దున్నే పుత్తూరు బస్సుకు బయల్దేరతా. ముందర కుర్చీ నాకే."

ఆనందమ్మ ఏడుస్తోంది. హుమేరాకు కూడా అదే పని అయింది.

"రేపా? మరి రొట్టెలు?" అన్నాడు సమీవుల్లా. ఆమె గదిలోకి వెళ్ళి, పుస్తకం ప్రతి తీసి, ముప్పై ఒక్క చోట్లా ఆ మాట కొట్టేసి "అడగనివ్వలేదు" అని రాసింది. చెయ్యి నొప్పి పుట్టింది. తర్వాత పట్టిక అడుగున నలభై ఒకటో వరుస గీసి, అక్కడ తన పేరు రాసుకుంది.