అమ్మ నోట్లో బియ్యం

"రొట్టె నువ్వే చేసి పంపమ్మా. తినేది మాత్రం సబ ముందర లేచి తప్పు ఒప్పుకున్నాకే." పాస్టర్ గుమ్మంలో నిలబడే చెప్పి వెళ్లిపోయాడు.

వేలమ్మాళ్ పిండి పిసుకుతోంది. కట్టు విప్పిన కుడిచేయి ఇంకా మండుతోంది. ఆదివారం చర్చిలో అందరూ పంచుకునే ప్రభువు బల్లకు పులియని రొట్టె చేసేదీ, ఎండుద్రాక్ష కాచి రసం తీసేదీ, గ్లాసులు కడిగేదీ పెళ్లయి కోవిల్‌పట్టికి వచ్చినప్పటి నుంచి ఆమే. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పని ముగించి వచ్చి చేస్తుంది.

పోయినవారం ఎట్టయాపురం దగ్గర పుట్టింట్లో అమ్మ చనిపోయింది. పుట్టింటివాళ్లు హిందువులు. శవాన్ని ఎత్తేముందు కూతుళ్లు నోట్లో బియ్యం వేస్తారు. ఆమె కూడా వేసింది. ఏసును నమ్మినవాళ్లు అది చేయకూడదంటుంది వీళ్ల చర్చి సభ.

"ఎడమచేత్తో ఏసినావంట గదా," అని కూడా పోతూ అన్నాడు పాస్టర్.

ఆ మాటే ఆమెను వదలడం లేదు. ఫ్యాక్టరీలో అగ్గిపుల్లల మందు అంటుకుని కుడిచేయి కాలింది కాబట్టి ఎడమచేత్తో వేసింది. అది ఆయనకెలా తెలిసింది? సభకు వచ్చే పక్కింటి సెల్వలక్ష్మి చావు ఎట్లా జరిగిందని గుచ్చిగుచ్చి అడిగింది, కానీ ఆమె అక్కడికి రాలేదు. తిరిగొచ్చాక అత్త తన సంచి వెతికింది, పూలు పెట్టుకుందేమోనని జడ వాసన చూసింది. ఆమె కూడా రాలేదు. అన్నదమ్ములకు పాస్టర్ ఎవరో తెలియదు. మొగుడు జెబకుమార్ వచ్చాడు, కానీ బస్టాపులోనే ఉండిపోయానన్నాడు. శవం చుట్టూ ఆడవాళ్లే ఉన్నారు. బయటున్నవాళ్లకు తన చేయి కనిపించాలంటే వీధివైపు కిటికీ దగ్గరికి వచ్చి నిలబడాలి.

సాయంత్రం మొగుడికి అన్నం వడ్డిస్తూ అడిగింది. "మామా, నువ్వు ఇంటికాడికి వస్తివా ఆ పొద్దు?"

"నేనెందుకు వస్తా? ఆ మేళమూ, ఆ సాంబ్రాణీ మనకు పడవు."

"మరి నా చేయి పాస్టర్‌కి ఎట్లా తెలిసె?"

"దేవుడు చూపించింటాడు," అంది అత్త. "నీ మాదిరి దాచేవాళ్ల కోసరమే ఆయనకు కండ్లు."

"దేవుడికి కిటికీ కావాల్నా అత్తా?"

జెబకుమార్ చేయి కంచంలో ఆగింది. తలెత్తకుండానే అన్నాడు: "వచ్చేనెల నన్ను సబకు పెద్దగా పెడతామంటుండారు. ఇంట్లో ఆడది సరిగుండాదా అని అడుగుతారు మే. ఇంకొకరు చెప్పేకంటే నేనే చెప్తే మేలు గదా. ఒక్కసారి లేచి ఒప్పుకో. నీకేం తక్కువైపోతుంది?"

ఆమె ఖాళీ గిన్నెలు ఎత్తుకుని పెరట్లోకి వెళ్లింది. గిన్నెలు తోముతూ ఆలోచించింది. ఆయుధపూజకు ఓనరు లారీ ముందు గుమ్మడికాయ పగలగొట్టేది లారీ తోలే ఈ మనిషే. అడిగితే అది పని అంటాడు. అప్పుడు తెచ్చిన బొరుగులు అత్త కూడా తింటుంది. విరుదునగర్‌లో అత్త చెల్లెలు వెళ్లే చర్చిలో ఆడవాళ్లు పూలు పెడతారు, తాళి కట్టుకుంటారు. వాళ్లు క్రైస్తవులే కారంటారు ఈ సభవాళ్లు. వీళ్లకు పిచ్చి అంటారు వాళ్లు. గీత ఎక్కడ గీసినా అది ఆడదాని జడ మీదనో, మెడ మీదనో, చేతి మీదనో పడుతుంది. ఇన్నాళ్లూ తను అది దేవుడు గీసిన గీత అనుకుంది. బియ్యం వేస్తూ తను "ఏసయ్యా, అమ్మను ఆకలితో పంపొద్దు" అంది. కిటికీలోంచి చూసినవాడికి చేయి కనిపించింది. ఆ మాట వినిపించలేదో, వినిపించినా చెప్పలేదో.

ఆదివారం పాస్టర్ పేరు పెట్టి పిలిచాడు. ఆమె లేచింది. మగవాళ్ల వరుసలో జెబకుమార్ తల వంచుకున్నాడు.

"మా అమ్మ నోట్లో బియ్యం ఏసినానయ్యా. ఏసేటప్పుడు ఏసయ్యనే పిలిస్తి. ఆ మాట మీకు చెప్పినాయన చెప్పలేదు. తప్పని నాకు తోచలే. తోచనిదాన్ని ఒప్పుకుంటే దేవుడి ముందర అబద్దం ఆడినట్టయితాది."

కూర్చుంది. ఎవరో దగ్గారు. పాస్టర్ పాట ఎత్తుకోమన్నాడు.

రొట్టె పళ్లెం ఆడవాళ్ల వరుసలో చేతులు మారుతూ వచ్చింది. అత్త ఒక ముక్క తీసుకుని, కోడలి ఒడి మీదుగా చేయి సాచి, పళ్లేన్ని అవతల ఉన్న సెల్వలక్ష్మికి అందించబోయింది.

వేలమ్మాళ్ పళ్లెం అంచు పట్టుకుంది. అత్త లాగింది. ఆమె వదల్లేదు. ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుని, పళ్లేన్ని తనే సెల్వలక్ష్మి చేతికిచ్చింది.