మందు తెచ్చిన ఆకలి

గ్లాసు అతని పెదవులకు ఆనించి, గుటక పడేదాకా ఆమె కదల్లేదు. రోజూ పొద్దున్నే ఇదే పని. మాత్ర చేతికిచ్చి వెళ్ళిపోకు, మింగేదాకా నిలబడు అని ఆసుపత్రి నర్సమ్మ గట్టిగా చెప్పింది.

"మింగావా?"

అతను తలూపాడు.

"చిన్నప్పుడూ అంతే వీడు," గోడవారన కూర్చున్న అతని తల్లి అంది. "ఆముదం తాగించాలంటే ఇద్దరు మీద కూర్చోవాల్సి వచ్చేది. ఇప్పుడు నయం, పెళ్ళాం ఒక్కతే సరిపోతోంది."

అతని ఆడపిల్లలిద్దరూ కిసుక్కున నవ్వారు. అతనూ నవ్వబోయాడు గానీ దగ్గు తెర వచ్చింది. అది ఆగేదాకా అందరూ ఎటో చూస్తూ కూర్చున్నారు.

ఇల్లంటే ఒకటే గది. అందులో సగం దూది. షాపులకు తలగడలు చేయించే కాటా అక్క దూది తూచి ఇస్తుంది, నింపిన తలగడలు తూచి తీసుకుంటుంది. తగ్గిన తూకం కూలిలోంచి పోతుంది. అందుకని పనిచేసినంతసేపూ కిటికీ మూసే ఉంచాలి. టీబీ ఉన్న ఇంట్లో కిటికీ మూయకూడదని నర్సమ్మ అంది. దూది ఎగిరిపోతుందని ఆవిడతో చెప్పలేక కోడలు సరేనంది.

జబ్బు రాకముందు అతను లారీల మీంచి సిమెంటు బస్తాలు దించేవాడు. ఇప్పుడు భార్య దూది కూరిన తలగడల మూతులు కుడుతున్నాడు. మందు మొదలుపెట్టిన కొత్తలో మనిషి కాస్త తేరుకున్నాడు. తరవాత మళ్ళీ ఎండుకుపోవడం మొదలైంది. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు.

ఎండ ఎక్కుతుండగా కాటా అక్క వచ్చింది. లోపలికి రాకుండా గడప మీదే ఒక తలగడ విసిరింది. దాని పొట్ట కోసి ఉంది. తెల్లటి గుడ్డ మీద ఎర్రటి మరక.

"రక్తమనుకుని కొన్నావిడ షాపు ముందు గోల పెట్టింది. ఇదిగో, చూడు." దూది లాగి దులిపింది. సగం కరిగి పీచు అంటుకున్న మాత్రలు నేల మీద రాలాయి. "ఇవేంటో నాకు తెలీదనుకోకు. మా మరిది మింగినవే. మొదటే ఒక్క ముక్క చెబితే ఏం పోయింది?"

"చెబితే పనిచ్చేదానివా అక్కా?"

కాటా అక్క ఒక్క క్షణం తడబడింది. "నా నోటి దగ్గర కూడు తీశావు," అంది. కొంగుతో ముక్కు మూసుకుని, ఉన్న దూదంతా గోతాల్లో కూరించి పట్టుకుపోయింది. ఈసారి తూకం కూడా వెయ్యలేదు.

గది ఉన్నట్టుండి పెద్దదైపోయింది. కోడలు వంగి మాత్రలు ఏరింది.

"బుగ్గన పెట్టుకునేవాడివా? నేను ఎదురుగా నిలబడి ఉండగానే? నీకు బతకాలని లేదా?"

"ఉంది."

"మరి?"

"అవి వేసుకుంటే ఆకలేస్తుందే." అతను నేల చూస్తూ అన్నాడు. "మామూలు ఆకలి కాదు. గోడలు గీక్కుని తినాలనిపిస్తుంది. మొన్న చిన్నది పళ్ళెంలో ఏమైనా వదిలేస్తుందేమోనని కాచుక్కూర్చున్నా. కన్నబిడ్డ కూటి కోసం. మానేస్తే నాలుగు రోజుల్లో ఆకలి చచ్చిపోతుంది. హాయిగా ఉంటుంది."

ఆమె చేతిలోని మాత్రల వంక చూసింది. ఆసుపత్రిలో మందు ఊరికే ఇచ్చారు. దాంతోపాటు ఏం తినాలో మాత్రం చెప్పి ఊరుకున్నారు.

"అయితే కడుపు నిండితే మింగుతావట్రా?" తల్లి అడిగింది.

పొద్దుటి మాత్ర ఇంకా అతని గుప్పిట్లోనే ఉంది. భార్య వేళ్ళు విప్పి నోట్లో వేసింది. నాలుక ఎత్తించి చూసింది.

మధ్యాహ్నం కోడలు జావ పోసింది. ఎంత జాగ్రత్తగా పోసినా గరిట అడుగుకు తగులుతూనే ఉంది. ముసలామె తన పళ్ళెం ఎత్తి కొడుకు పళ్ళెంలో వంచేసింది. "నాకొద్దమ్మా," అన్నాడు గానీ చెయ్యి అప్పటికే పళ్ళెంలో ఉంది. తల వంచుకుని, గబగబా, చప్పుడు చేస్తూ తాగాడు. పిల్లలు అతన్నే చూస్తున్నారు.

ముసలామె లేచింది. కట్టుకున్నది కాక తనకున్న ఒక్క చీరనూ తీగ మీంచి తీసి, మడిచి చంకలో పెట్టుకుంది.

వీధి కుళాయి దాకా వెళ్ళాలన్నా "నా చోట్లో ఎవరూ కూర్చోకండే," అని పదిసార్లు చెప్పిగానీ కదలని మనిషి. చంకలో ఉన్న చీర కోడలు చూసింది. పిలవాలి. పిలిస్తే ఆగుతుంది. ఆమె కళ్ళు గిన్నె అడుగుకు వెళ్ళాయి, పిల్లల మీదికి వెళ్ళాయి, వేలితో పళ్ళెం తుడుచుకుంటున్న భర్త దగ్గర ఆగిపోయాయి.

ముసలామె చెప్పుల్లో కాళ్ళు దూర్చి, ఒక్క మాట కూడా అనకుండా గడప దాటింది.