కొండ జోళ్ళు

పదకొండు పనుల్లో నాలుగోది సగంలో ఉండగానే పెద్దమ్మ కుడిచేతి బొటనవేలు పట్టేసింది. కంట్రోలర్‌ను ఒళ్ళో పెట్టుకుని, ఆ వేలిని ఎడమ పిడికిట్లో బిగించి కాసేపు నలిపింది. తెరమీద ఆమె నడిపిస్తున్న బాటసారి వాగు ఒడ్డున ఆగి, తడిసిన కాళ్ళను ఒకదాని తర్వాత ఒకటి విదిలించుకున్నాడు. ఆడేవాళ్ళు ఊరికే కూర్చుంటే వాడు చేసే పని అదొక్కటే. వాడి వెనక ఏడు బాతులు బురదలో బారులు తీరాయి. వాటిని వాగు దాటించి ముసలావిడ దొడ్లోకి తోలితే ఆవిడ ఒక మైనపు ముద్ద ఇస్తుంది. ఆ మైనం పట్టిన దారంతో కొండ కింద తాత జోళ్ళు కుడతాడు.

ఆటలో అసలు కథ వేరే ఉంది. ఎక్కడో కోటలో ఒక రాక్షసుడు, వాడిని చంపడానికి ఒక కత్తి, బోలెడు హడావిడి. ఈ బాతులు, మైనం, తాత అన్నీ సైడ్ క్వెస్టులు. ఆఫీసులో పక్కపనులంటారు. చేయకపోయినా ఆట ముందుకు సాగుతుంది. చేస్తే మాత్రం బాటసారి కాళ్ళకున్న చిరుగుల చెప్పులు పోయి, జారుడు రాతి మీద కూడా పట్టు తప్పని కొండ జోళ్ళు వస్తాయి. అవి లేనిదే శిఖరం ఎక్కడం ఎవరి తరమూ కాదు.

ఆట అందరి చేతుల్లోకీ వెళ్ళేముందు ఎక్కడ ఏం చెడిందో ఆడి కనిపెట్టడం పెద్దమ్మ ఉద్యోగం. ఆ గదిలో ఎనిమిది మంది చేసేదీ అదే. మిగతా ఏడుగురూ రాక్షసుడి కోసం పోటీలు పడుతుంటే, ఆమె పద్నాలుగేళ్ళుగా పక్కపనులే అడిగి తీసుకుంది. మెడలో తాడుకు వేలాడే కళ్ళద్దాలు, నడుం వెనక చిన్న దిండు, బల్ల మీద గళ్ళ నోటుబుక్కు, మొద్దుబారిన పెన్సిలు. ఆమె కంట్రోలర్ మీద ఒక బటన్ గుర్తు ఎప్పుడో అరిగిపోయి, నీళ్ళలో నానిన గులకరాయిలా నున్నబడింది.

అంతకుముందు పంతొమ్మిదేళ్ళు చొక్కాల ఫ్యాక్టరీలో ఉంది. కుట్టి వచ్చిన ప్రతి చొక్కాకూ గుండీలు ఒక్కొక్కటే లాగి చూడడం అక్కడి పని. అది మూతపడ్డాక, ఓపికైన మనుషులు కావాలన్న ప్రకటన చూసి ఇక్కడికి వచ్చింది. “అక్కడ లాగాను, ఇక్కడ నొక్కుతున్నాను. మనిషన్నాక ఎదుగుదల ఉండాలిగా” అంటుంది ఎవరైనా అడిగితే. ఈరోజుతో ఆ నొక్కడమూ అయిపోతుంది. సాయంత్రం ఐదింటికి ఆమె రిటైరు.

అయితే నాలుగింటికి ఆటకు తాళం పడుతుంది. ఆ తర్వాత అందులో ఎవరూ వేలు పెట్టడానికి లేదు. వారం నుంచి తాత దగ్గర ఒక బగ్ అందరినీ వేధిస్తోంది. ముందుగా ఆడి చూడమని బయటివాళ్ళు కొందరికి ఆటను పంపితే, వాళ్ళలో నలభై మంది ఒకే మాట రాశారు. పదకొండు పనులూ చేశాం, జోళ్ళిచ్చే చోట ఆట బిగుసుకుపోయింది అని. ఆఫీసులో ఎవరు ఆడినా తాత చక్కగా నవ్వి జోళ్ళు చేతిలో పెడుతున్నాడు. కంటికి కనబడని తప్పును దిద్దేదెలా? నాలుగులోపు దొరక్కపోతే తాతను, బాతులను, జోళ్ళను మొత్తంగా పీకేస్తారు.

తాత పోతే పెద్దమ్మకు పోయేది రెండేళ్ళ పని ఒక్కటే కాదు. తాత మాట ఆమె మాట. ఆటకు కథ రాసే పిల్ల ఒకతె ఉంది, కథలమ్మాయి అంటారు. ఆ పిల్ల రోజుల తరబడి పెద్దమ్మ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, ఆమె మాటతీరంతా తాత నోట్లో పెట్టింది. ‘నిదానంగా నడు నాయనా, కొండ ఎక్కడికీ పారిపోదు’ అని తాత అన్నప్పుడల్లా గదిలో ఎవరో ఒకరు ఆమె వైపు తిరిగి నవ్వుతారు. పెద్దమ్మ విననట్టు ఉంటుంది. వింటుంది.

టీమ్ లీడరు మణికట్టు చూసుకుంటూ వచ్చాడు. ఏ మాటకైనా ముందు టైము చెప్పే అలవాటు వల్ల అతనికి గడియారం అని పేరు పడింది.

“పదకొండూ పది. పెద్దమ్మా, ఇంకా బాతుల దగ్గరే ఉన్నారా?”

“అవి నడిచినట్టే నడుస్తాయి బాబూ. చంకనేసుకుని పోలేను కదా.”

“తాత గుమ్మం దగ్గరే మొదలయ్యేలా అందరికీ ఒక సేవ్ ఇచ్చానుగా. పనులన్నీ అయిపోయి ఉంటాయి. అక్కణ్ణుంచి చూస్తే సరిపోయేది.”

“వారం రోజులు అక్కణ్ణుంచే చూశారు. దొరికిందా?”

అతను మళ్ళీ మణికట్టు చూసుకున్నాడు.

“ఆడేవాళ్ళెవరూ తాత గుమ్మంలో పుట్టరు. మొదటినుంచీ నడిచొస్తారు. ఇవాళ్టికి నన్నూ నడవనీ.”

“మూడున్నర దాకా చూస్తాను. తర్వాత తీసేయక తప్పదు. నాకిష్టమై కాదండీ.”

“నీకిష్టమని ఎవరన్నారు? పో, ఏమన్నా తాగు. మొహం పీక్కుపోయింది.”

ఒంటిగంటకు పదకొండు పనులూ పూర్తయ్యాయి. తాత నవ్వాడు. జోళ్ళు చేతిలో పెట్టాడు. ఏదీ బిగుసుకోలేదు. పెద్దమ్మ నోటుబుక్కులో తేదీ వేసి ‘బాగానే ఉంది’ అని రాసింది. ఆ మాట ఇంత బాధగా ఎప్పుడూ రాయలేదు.

భోజనాల గదిలో కథలమ్మాయి డబ్బా మూత తీసి, తినకుండా దానివంకే చూస్తూ కూర్చుంది. పెద్దమ్మ ఫోను మోగింది. ఆమె భర్త బస్సు డ్రైవరుగా చేసి రిటైరైనవాడు. ఫోన్లో కూడా రోడ్డు మీద ఉన్నట్టే గట్టిగా మాట్లాడతాడు.

“ఐదింటికల్లా స్కూటరు తెచ్చి కింద ఉంటా. లేటైతే హారన్ కొడతా.”

“లేటు కాకపోయినా కొడతావులే” అని ఫోను పెట్టేసింది.

తిన్నాక ఆమె బీపీ మాత్ర వేసుకుంది. పొద్దున భర్త ఇచ్చిన కొత్త మాత్రల అట్టను సంచిలో కుక్కబోతే జిప్పు పడలేదు. లోపలివి ఒక్కొక్కటీ బల్ల మీద పెట్టింది. మడత గొడుగు, దారపు రీలు, టేపు, మూడు పెన్సిళ్ళు, మడిచిన సంచులు, ఎవరిదో ఒంటి బూటు తాడు.

“ఇంకొక్కటి పడితే పేలిపోతుంది పెద్దమ్మా” అంది కథలమ్మాయి. పొద్దుట్నుంచి ఆ పిల్ల నోరు విప్పడం అదే మొదలు.

“నవ్వుకో. పారేసిన మర్నాడే కావాల్సొస్తుంది ఏదైనా.”

“ఈ ఖాళీ మాత్రల అట్ట కూడానా?”

“అయ్యో, ఇదింకా ఉందా. ఇది తీస్తేగానీ అది ఎలా...”

పెద్దమ్మ ఆగిపోయింది. ఒక చేతిలో పాత అట్ట, ఒక చేతిలో కొత్త అట్ట. అలాగే లేచి నిలబడింది.

“సామాను సర్దుకురా” అని కథలమ్మాయికి చెప్పి, సంచి అక్కడే వదిలి గదికి నడిచింది. పద్నాలుగేళ్ళలో ఆమె అంత వేగంగా నడవడం ఎవరూ చూసి ఉండరు.

గది గోడకు ఒక కాగితం ఉంది. పైన అంటించిన ప్లాస్టిక్ పసుపురంగుకు తిరిగింది. ఆడి చూసేవాళ్ళు పాటించాల్సిన నియమాలు. మొదటిది: ‘మొదలుపెట్టేముందు బాటసారి సంచి ఖాళీ చేయాలి.’ పన్నెండేళ్ళ క్రితం, అందరి ఆటా ఒకేలా ఉండాలని పెద్దమ్మే తన గుండ్రటి అక్షరాలతో రాసింది. గడియారం ఇచ్చిన సేవ్‌లోనూ సంచి ఖాళీయే. పొద్దున తనూ అలవాటుగా, ఆలోచించకుండా ఖాళీ చేసే మొదలుపెట్టింది. బయటివాళ్ళ ఇళ్ళల్లో గోడ మీద ఈ కాగితం లేదు. వాళ్ళు దారిలో కనబడిందల్లా ఏరుకుని దాచుకుంటారు. ఆ నలభై మందీ తనలాంటివాళ్ళే.

ప్రతి పనికీ ముందు ఆటను సేవ్ చేసుకోవడం ఆమెకు అలవాటు. తాత గుమ్మం ఎక్కే ముందు క్షణానికి వెనక్కి వెళ్ళింది. బాటసారిని కొండ కిందంతా తిప్పింది. సంచిలో ముప్ఫై అరలు. గులకరాళ్ళు, పుట్టగొడుగులు, తెగిన తాళ్ళు, బాతు ఈకలు, ఏది కనబడితే అది వేసింది. ఒక్క అర కూడా మిగల్లేదు. అప్పుడు తలుపు తట్టింది.

తాత నవ్వాడు. జోళ్ళు పట్టుకున్న చేతులు ముందుకు చాచాడు. చాచిన చేతులు చాచినట్టే ఉండిపోయాయి. వాగు ఆగింది. గాలికి ఊగే గడ్డి ఆగింది.

“బాబూ” అంది పెద్దమ్మ, గొంతు పెంచకుండానే. “ఒకసారి రా.”

ఏడు కుర్చీలు ఒకేసారి వెనక్కి జరిగాయి. గడియారం వచ్చి తెరకేసి చూశాడు. జీవితంలో మొదటిసారి టైము చెప్పడం మరిచిపోయాడు.

“కొత్త జోళ్ళు ముందు సంచిలోకి వచ్చాకే కాళ్ళకున్న పాత చెప్పులు పోతున్నాయి. సంచిలో చోటు లేకపోతే ఆయన ఎక్కడ పెడతాడు పాపం” అంది పెద్దమ్మ.

“మనకెవరికీ రాలేదేంటి ఇది?”

“గోడ మీద మొదటి నియమం చూడు. రాసింది నేనే. తిట్టాలనుకుంటే ఇవాళే తిట్టు, రేపట్నుంచి దొరకను.”

వెనక ఎవరో పకపకా నవ్వారు. గడియారం అప్పటికే కుర్చీ లాక్కుని కీబోర్డు ముందు కూర్చున్నాడు.

“మూడూ పది. సంచికి ఇంకో అర కలిపేస్తా.”

“దాన్నీ నింపేస్తాం మేము. పాతవి ముందు గుమ్మంలో విప్పమని తాతనే అడగమను, కొత్తవి నేరుగా కాళ్ళకే ఎక్కుతాయి. కొలత చూడాలన్నా విప్పాల్సిందేగా.”

గడియారం వేళ్ళు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ పరిగెత్తాయి. తాత అనాల్సిన మాట కథలమ్మాయి రాసింది. పెద్దమ్మ సంచి ఇంకా ఆ పిల్ల భుజానే ఉంది. రాస్తున్నంతసేపూ తల ఎత్తలేదు.

మూడూ నలభై ఆరుకు దిద్దిన ఆట తెరమీదికి వచ్చింది. పెద్దమ్మ కళ్ళద్దాలు తుడుచుకుని, నిండు సంచితో బాటసారిని గుమ్మం ఎక్కించింది.

‘పాతవి అక్కడే విడువు నాయనా’ అన్నాడు తాత. ‘చాలా దూరం మోశాయి నిన్ను.’

పెద్దమ్మ కథలమ్మాయి వైపు చూడలేదు. చూస్తే బటన్ తప్పు నొక్కేదేమో.

బాటసారి చెప్పులు విప్పాడు. తాత జోళ్ళిచ్చాడు. వాగు పారుతూనే ఉంది, గడ్డి ఊగుతూనే ఉంది. అంతటితో ఆమె పని అయిపోయింది. కానీ ఈసారి ఆమె కంట్రోలర్ కింద పెట్టలేదు. బాటసారిని కొండ వైపు తిప్పి పరుగెత్తించింది. రెండేళ్ళుగా వాడు కాలుజారి పడిన నాచురాళ్ళ మీద జోళ్ళు టకటకా మోగాయి. ఒక్క అడుగు తప్పలేదు. మలుపు దాటాడు, మేఘం దాటాడు, శిఖరం మీద నిలబడ్డాడు. కింద, దూరంగా, అంచు కనబడని సముద్రం. అది ఆటలో ఉందని అక్కడ సగం మందికి తెలియదు. గదంతా చప్పట్లు మోగాయి. గడియారం చప్పట్ల మధ్యలోనే “మూడూ యాభై ఎనిమిది” అని ఆటకు తాళం వేశాడు.

ఐదింటికి కింద హారన్ రెండుసార్లు మోగింది. పెద్దమ్మ గోడ కాగితం దగ్గరికి వెళ్ళి, మొదటి నియమం కింద ‘సంచి నింపి కూడా చూడాలి’ అని రాసిన చిన్న చీటీ అంటించింది. కథలమ్మాయి భుజం మీంచి తన సంచి తీసుకుని, ఆ పిల్ల చెంప మీద ఒకసారి అరచెయ్యి ఆనించింది. దిండు చంకన పెట్టుకుంది. మెట్లు దిగుతుంటే “లేటు కాలేదుగా, ఎందుకా గోల” అన్న ఆమె మాట, దాని వెనకే ఆయన నవ్వు పైకి వినిపించాయి. తర్వాత స్కూటరు చప్పుడు. తర్వాత అదీ లేదు.

కథలమ్మాయి ఆ కుర్చీలో కూర్చుని, అరిగిన బటన్ మీద వేలు పెట్టింది. బాటసారిని శిఖరం నుంచి మెల్లగా, వచ్చిన దారినే కిందికి దింపింది. తాత గుమ్మం ముందు చిరుగుల చెప్పుల జత, ఎడమదాని మడమ కుడిదాని మీద కొంచెం ఎక్కి, విడిచినది విడిచినట్టే ఉంది.