చలి లేని ఊళ్ళో కుంపటి

కంబోడియాలో మెకాంగ్ నది ఒడ్డున ఉన్న క్రచే పట్నంలో చలి అనేది లేదు. జనవరి అయినా జూలై అయినా మధ్యాహ్నానికి ముప్పై, ముప్పై రెండు డిగ్రీలు. ఏప్రిల్ వస్తే ఇంకో అయిదారు పైన. రోజూ అవే అంకెలు చదివినందుకు రేడియోలో వాతావరణం చెప్పే మనిషికి జీతమెందుకిస్తారో ఎవరికీ తెలియదు. డిసెంబరు తెల్లవారుజామున గాలి కాస్త మెత్తబడితే చాలు, మోటారుసైకిళ్ళ వాళ్ళంతా మంకీ క్యాపులు తగిలిస్తారు. ఎన్నడూ కంటబడని ఆ చలికి ఊరు ఊరంతా హడలి చస్తుంది.

బాలింతల దగ్గర ఈ భయం మరీ ముదురుతుంది. కాన్పయిన మనిషి ఒళ్ళు లోపల చల్లబడిపోయి ఉంటుందట. గాలి తగిలితే వాతం కమ్మి ప్రాణమే పోతుందట. అందుకని వెదురు మంచం కింద నిప్పుల కుంపటి పెట్టి, పైన తల్లినీ బిడ్డనూ పడుకోబెడతారు. మూడు రోజులు చాలంటారు చాలామంది. మాలిస్‌కి తొలికాన్పులో మగపిల్లాడు పుడితే, అత్తగారు సారున్ మాత్రం వారం ఉండాల్సిందేనంది.

"మా అబ్బాయి విచెత్‌ని ఖ్మేర్ రూజ్ వాళ్ళ పాలనలో కన్నాను. కన్న మర్నాడే నన్ను నీళ్ళల్లో నాట్లకి దింపారు ఆ వెధవలు. చారెడు నిప్పు కూడా ఎరగను. ఇదిగో, ఈ కీళ్ళు చూడండి ఎలా పట్టేశాయో! నా కోడలికి ఆ గతి పట్టనిస్తానా?" అని వీధి వీధంతా చెప్పుకుంది. చెప్పినట్టే బొగ్గుల బస్తా దింపించింది.

అసలే ఏప్రిల్. మాలిస్‌కి ఉన్ని టోపీ, మేజోళ్ళు, చెవుల్లో దూది. తినడానికి మిరియాలు దట్టించిన పంది మాంసం, తాగడానికి వేర్లు నానబెట్టిన సారా. పిల్లాడికీ టోపీ, మేజోళ్ళు, పైన రెండు తువ్వాళ్ళు. రెండో రోజుకే మాలిస్ వీపు బొబ్బలెక్కింది.

"అత్తయ్యా, కాస్త నిప్పు తగ్గించండి. బాబు ఒళ్ళు కాలిపోతోంది."

"కాలక? చల్లబడితే అప్పుడేడువు. ఏమ్మా మహారాణీ, మీ పుట్టింట్లో పిల్లల్ని ఐసుపెట్టెలో పెట్టి పెంచుతారా?"

పక్కింటి ఫల్లా పగలబడి నవ్వింది. గుమ్మంలో కూర్చున్న విచెత్, భార్య వైపు చూడకుండానే, "అమ్మకి ఎదురు చెప్పకు. ఆవిడ పడ్డ కష్టం నీకు తెలీదు" అన్నాడు.

ఆస్పత్రి నర్సు చూడ్డానికి వచ్చి కుంపటి తీసేయమంది, పిల్లాడికి టోపీ వద్దంది. సారున్ చేతులు జోడించి "అలాగే తల్లీ" అంది. కొబ్బరిబోండం కొట్టిచ్చి మరీ సాగనంపింది. నర్సు సైకిలు సందు దాటకముందే మరో చేటెడు బొగ్గులు కుంపట్లో పడ్డాయి.

నాలుగో రోజు పిల్లాడు ఏడుపు మానేశాడు.

"చూశారా, ఎంత బుద్ధిమంతుడో! ఇప్పటికి వేడి పట్టింది వాడికి" అని సారున్ మురిసిపోయింది.

మాలిస్ వాడి మీద చెయ్యి వేసి చూసింది. ఆమె అరచెయ్యే కాలుతోంది, మంచం కాలుతోంది, బయట వీధి కాలుతోంది. ఇందులో పిల్లాడి జ్వరమెంతో ఎలా తెలుస్తుంది? పెదాలు మాత్రం ఎండిపోయాయి. రొమ్ము అందిస్తే పట్టడం లేదు. బిడ్డ పోతున్నాడని ఆమెకు అర్థమైంది.

మధ్యాహ్నం విచెత్ నిద్రపోతున్నాడు. సారున్ బజారుకు వెళ్ళగానే మాలిస్ మంచం దిగింది. నీళ్ళ జాడీలోంచి ముంచి కుంపట్లో కుమ్మరించింది. గది నిండా ఆవిరి లేచింది. టోపీ, మేజోళ్ళు ఊడబెరికి తడిగుడ్డతో పిల్లాణ్ణి తుడిచింది, మళ్ళీ తుడిచింది. చాలాసేపటికి వాడు కళ్ళు తెరిచాడు. రొమ్ము అందుకుని రెండు గుక్కలు తాగాడు. మాలిస్‌కి సంతోషంతో ఏడుపొచ్చింది.

కిటికీలోంచి ఇదంతా చూసిన ఫల్లా బజారుకు పరిగెత్తింది. సారున్ రొప్పుకుంటూ వచ్చి, తడిసిన బొగ్గులు చూసి గుండెలు బాదుకుంది.

"కొంప ముంచింది! పసిగుడ్డుకి నీళ్ళు కొట్టింది! ఒరే విచెత్, లేవరా! పట్టుకోరా దీన్ని!"

విచెత్ లేచి పట్టుకున్నాడు. ముఖం పక్కకు తిప్పుకుని, భార్య రెండు చేతులూ ఒడిసిపట్టి మంచం మీద కూర్చోబెట్టాడు. పోయిన వేడి తిరిగి రావాలని ఈసారి రెండు కుంపట్లు పెట్టారు. తెల్లారేసరికి పిల్లాడు చనిపోయాడు.

మాలిస్‌ను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. జాలిపడ్డారు. తిట్టినా బాగుండేది. "చిన్నపిల్ల, తెలియక నీళ్ళు పోసింది పాపం" అన్నారు బజార్లో, బౌద్ధ విహారంలో. సారున్ కోడలి తల నిమిరి, "పోనీలే తల్లీ, నేను మనసులో పెట్టుకోను" అంది. నీళ్ళు పోశాకే వాడు పాలు తాగాడని మాలిస్ ఒకరిద్దరికి చెప్పబోయింది. "పోయేముందు అలాగే తాగుతారమ్మా" అన్నారు వాళ్ళు. వినగా వినగా, ఆ రెండు గుక్కలూ వాడు నిజంగా తాగాడో లేదో ఆమెకే తెలియకుండా పోయింది.

రెండేళ్ళకు ఆడపిల్ల పుట్టింది. మళ్ళీ ఏప్రిలే. ఈసారి సారున్‌కే ఉక్కపోత భరించడం కష్టమైంది.

"ఎండలు మరీ మండిపోతున్నాయే. మూడు రోజులయ్యాయి కదా, ఇంక తీసేద్దాం" అంటూ కుంపటి లాగబోయింది.

మాలిస్ మంచం మీద నుంచి వంగి ఆమె చెయ్యి పట్టుకుంది.

"వద్దత్తయ్యా, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఇంకాస్త బొగ్గు వెయ్యండి. వాణ్ణి నేనే చలికి చంపుకున్నాను. దీన్నయినా దక్కించుకోనివ్వండి."

పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. మాలిస్ దానికి ఇంకో తువ్వాలు చుట్టి, ఏడుపు ఎప్పుడు ఆగుతుందా అని ఎదురుచూస్తూ కూర్చుంది.