దుబాసీ ఉన్నదున్నట్టు చెప్పిన రోజు

క్రేను గొలుసు తెగి పెట్టె పడేసరికి దాని కింద ఒక కూలీ కాలు ఉంది. పలకలు విరిగాయి. ఎండుగడ్డిలోంచి నూనె రాసిన తుపాకులు నాలుగు బయటికి జారాయి. పెట్టె మీద మాత్రం పెద్ద అక్షరాలతో 'సేద్యపు పనిముట్లు' అని రాసి ఉంది.

రేవు దొర ఆఘమేఘాల మీద వచ్చి టార్పాలిన్ తెమ్మన్నాడు. కాలు నలిగినవాడికి కాదు, తుపాకుల మీద కప్పడానికి.

"వడ్రంగి వచ్చి పలకలు బిగించేదాకా ఎవరూ పెట్టె కదపొద్దని చెప్పు. ఆ పశువు సంగతి తర్వాత" అన్నాడు తన భాషలో.

పక్కనున్న దుబాసీ కూలీల వైపు తిరిగాడు. "దొరగారు చాలా బాధపడుతున్నారు. తొందరపడి కదిపితే ఎముకకి ప్రమాదమట, కాస్త ఆగమంటున్నారు."

కూలీలు నమ్మారు, ఆగారు. వడ్రంగి మేకులు కొడుతున్నంతసేపూ ఒక్కో దెబ్బకీ పెట్టె అదిరింది, కిందివాడు అరిచాడు. ఆ కిందివాడు దుబాసీకి స్వయానా బావ, పెద్దక్క మొగుడు.

"ఏమన్నాడురా దొర?" అని మూలుగుతూ అడిగాడు.

"ఆగమన్నాడు బావా" అన్నాడు దుబాసీ, వేరే వైపు చూస్తూ.

ఈ దుబాసీ పుట్టుకతో దుర్మార్గుడు కాడు. తండ్రి నేతగాడు. దొరల దేశపు మిల్లుబట్ట ఓడ దిగింది. దానికి సుంకం లేదు, ఇక్కడి బట్టకి ఉంది. రెండేళ్ళలో ఊళ్ళో మగ్గాలన్నీ పొయ్యిలోకి పోయాయి. వాళ్ళ భాష వస్తే వాళ్ళు మనల్ని తొక్కరులే అని ఆ తండ్రి కొడుకుని కంపెనీ బళ్ళో వేశాడు. తొక్కలేదు, నిజమే. తొక్కేటప్పుడు పట్టుకోడానికి చెయ్యి కావాలి కదా, ఆ చెయ్యిగా పెట్టుకున్నారు. పదకొండేళ్ళుగా దొర నోట్లోంచి పడే పెంటని ఇతను కడిగి, తుడిచి, పువ్వు పెట్టి జనానికి అందిస్తున్నాడు.

బావ కాలు మోకాలి పైదాకా తీసేశారు. మర్నాడు సాయంత్రం దుబాసీ అక్క ఇంటికి వెళ్ళాడు. మంచం మీద బావ మత్తులో ఉన్నాడు. అక్క మంచినీళ్ళ గ్లాసు అందిస్తూ అడిగింది.

"వాడు నిజంగా ఏమన్నాడో చెప్పరా."

చెప్పాడు. అక్క గ్లాసు వెనక్కి తీసుకుంది.

"నాకు చెప్పి ఏం లాభం? గోతాల షెడ్డులో అందరూ ఉన్నారు. నడు."

షెడ్డులో రెండొందల మంది కూలీలు వాదించుకుంటున్నారు. దుబాసీని చూడగానే నోళ్ళు మూతపడ్డాయి. ఒకడు పక్కకి ఉమ్మాడు.

"దొరవారి నాలుక వచ్చింది, జాగ్రత్త" అన్నాడు క్రేను మేస్త్రీ.

"వచ్చిన నాలుకనే అడగండి, ఆ తుపాకులు ఎవరి మీదికో" అంది అక్క.

దుబాసీ చెప్పాడు. "సముద్రం అవతల మనలాంటి దేశమే. తిండిగింజలు పండే పొలాల్లో పత్తి వెయ్యమన్నారు, దొరల మిల్లులకి. జనం పస్తులుండి ఉండి, చివరికి పత్తిమొక్కలు పీకేశారు. ఆ జనం మీదికి. దొరకి వచ్చిన ఉత్తరాలు నేనే చదివాను. ఆ పత్తే బట్టై మన బజారుకి వస్తుంది."

"అయితే మనకేంటయ్యా?" అన్నాడు వెనక నుంచి ఒకడు. "మోస్తే కూలి, మొయ్యకపోతే పస్తు. ఎక్కడో ఎవడో చస్తే నేను నా పిల్లల నోరు కట్టాలా?"

కొందరు అవునన్నారు. అతను చెప్పిందీ అబద్ధం కాదు. ఆకలి అబద్ధం ఆడదు.

గోతాలు కుట్టే ముసలమ్మ దబ్బనం పక్కన పెట్టింది. ఆవిడ పెద్దకొడుకు పన్ను కట్టలేమని ఊరేగింపులో నడిచి సిపాయిల గుండుకి పోయాడు.

"నా కొడుకుని చంపిన తుపాకీ గాల్లో ఎగిరొచ్చిందా నాయనా? దాన్నీ ఎక్కడో ఒక రేవులో ఒక కూలోడే ఎత్తాడు. వాడూ నీలాగే అన్నాడు, మనకేంటని."

క్రేను మేస్త్రీ లేచి, "రేపు పెట్టె ఎత్తేది లేదు. కాదనేవాళ్ళుంటే ఇప్పుడే చెప్పండి, రేపు వెన్ను చూపొద్దు" అన్నాడు. ఎవరూ కాదనలేదు.

తెల్లారాక రేవంతా కూలీలు కూర్చుని ఉన్నారు. దొర సిపాయిల్ని వెంటేసుకొచ్చాడు. ఆ సిపాయిలు మరో దేశం నుంచి తెచ్చినవాళ్ళు. ఈ ఊరి మాట వాళ్ళకి రాదు, అందుకే ఈ ఊరికి తెచ్చారు. అవతలి ఊళ్ళలో కాల్చడానికి ఇక్కడివాళ్ళని తీసుకెళ్ళారు. దొరల తెలివి అంతా ఇంతే. ఇరుగు చేతికి కర్ర ఇచ్చి పొరుగు నెత్తి పగలగొట్టించడం, ఆ పైన ఇద్దరికీ తీర్పు చెప్పడం.

దొర ఒక పెట్టె ఎక్కి ఛాతీ విరుచుకుని మాట్లాడాడు. దుబాసీ పక్కన నిలబడి గట్టిగా చెప్పాడు.

"దొర అంటున్నాడు, మీకు రైలిచ్చాం, చట్టమిచ్చాం, బట్ట కట్టడం నేర్పాం అని."

నేతగాళ్ళ పిల్లలు ముఖాలు చూసుకున్నారు. ఎవరో కిసుక్కున నవ్వారు.

దొర పక్కకి వంగి సిపాయిల అధికారితో నవ్వుతూ ఏదో గొణిగాడు. అది జనానికి చెప్పమని కాదు. దుబాసీ అదీ చెప్పాడు.

"ఇప్పుడు సిపాయిల అధికారితో అంటున్నాడు, ఈ పశువులకి రెండ్రోజులు కడుపు మాడితే కాళ్ళ దగ్గరికి వస్తాయి, రాకపోతే అవతలి దేశపు పశువుల్ని తెద్దాం అని. మొన్న మా బావ కాలు పెట్టె కింద ఉంటే ముందు తుపాకులు కప్పమన్నాడు. బాధపడుతున్నాడని మీకు చెప్పింది నేను. అబద్ధం చెప్పాను."

జనంలో నవ్వు ఆగిపోయింది. ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. దొర ముఖం పాలిపోయింది.

"ఏం చెప్పావు వాళ్ళకి?"

"మీరన్నదే దొరా. ముక్క పొల్లుపోకుండా."

తుపాకీ మడమతో దవడ మీద కొట్టారు. నోట్లోంచి నెత్తురు కారింది. రెక్కలు విరిచికట్టి ఈడ్చుకెళుతుంటే అక్క గుంపులోంచి ముందుకొచ్చి, తమ్ముడి గడ్డం మీది నెత్తురు కొంగుతో తుడిచింది. సిపాయి తోసేశాడు. పడలేదు.

దుబాసీని ఎక్కించిన బండి కనుమరుగయ్యాక అధికారి జనం వైపు తిరిగి చెయ్యి ఊపుతూ పెద్దగా కేకలు పెట్టాడు. పొమ్మంటున్నాడో, పెట్టెలు ఎత్తమంటున్నాడో, కాలుస్తానంటున్నాడో. చెప్పడానికి మనిషి లేడు. దొర చుట్టూ చూశాడు. తనవాళ్ళు మూడు తరాలుగా ఏలుతున్న ఊళ్ళో ఒక్క మాట అడగడం అతనికి రాదు.

"ఏమంటున్నాడే ముసలమ్మా?" అన్నాడు నిన్న మనకేంటన్నవాడు.

"ఏమోరా, నాకు అర్థం కాలేదు" అంది ముసలమ్మ, పెట్టెలకీ ఓడకీ మధ్య దారికి అడ్డంగా చతికిలబడుతూ. "కూర్చో."

అతను కూర్చున్నాడు. అక్క కూర్చుంది. ఆ తర్వాత రేవంతా.