గంగి చేతి మీది దెబ్బ

"నువ్వు ముంగట నడువు గంగీ. ఆడోళ్ల మీద పోలీసులు చెయ్యెయ్యరు."

మొగుడు పూల్‌సింగ్ ఆ మాట అన్నప్పుడు గంగి రొట్టెలకు జొన్నపిండి కలుపుతోంది, కుడిచేత్తో మాత్రమే. ఎడమచెయ్యి మోచేతికి పైన వాచి నల్లగా కమిలిపోయి ఉంది. మొన్న ఆమె ఆడవాళ్ల మీటింగు నుంచి వచ్చేసరికి పొద్దు గూకింది. పొయ్యి మీద ఏమీ లేదు. గుడిసె వేయగా మిగిలిన కర్ర ఒకటి మూలన ఉంటే దాన్ని అందుకున్నాడు. "మీటింగులకు తిరుగుకుంట కూసుంటే కూడెవడు వండాలె?" అన్నాడు. ఆ మీటింగుకు పొమ్మన్నదీ అతనే. ఇప్పుడు ఆడవాళ్ల మీద చెయ్యి వెయ్యరంటున్నాడు. వేళాకోళానికి అనలేదు. నిజంగా నమ్మే అన్నాడు. అదే ఆమెకు వింతగా తోచింది. తాను ఆడదాన్నన్న సంగతి పోలీసుల ముందుకు పోతే తప్ప అతనికి గుర్తు రాదు కాబోలు అనుకుంది.

మరిపెడ పక్క తండా విడిచి మానుకోటకు వచ్చినప్పటి నుంచీ అద్దె గదులే. ఒక ఇంటామెకు వీళ్లు నీళ్లు ఎక్కువ వాడుతున్నట్టు కనిపించేది, ఇంకొకామెకు చుట్టాలు ఎక్కువ వస్తున్నట్టు. వచ్చిన ప్రతిచోటా గోడల పగుళ్లు పూడ్చి, సున్నం వేసి, ఎలుక బొక్కలు మూసి, అది మనుషులుండే గది అనిపించేసరికి 'ఖాళీ చెయ్యి' అనే మాట వచ్చేది. అందుకే ఊరవతల సర్కారు భూమిలో గుడిసెలు వేద్దామని ఇళ్లు లేనివాళ్ల కమిటీ అనగానే అందరికన్నా ముందు గడ్డపార పట్టింది గంగి. గుంతలు తవ్వింది, కర్రలు మోసింది, నీలిరంగు పరదా కప్పి తాళ్లు బిగించింది. ఎండకు లోపల ఉడికిపోయినా ఇక్కడ ఆ మాట వినక్కర్లేదనుకుంది. తీరా సర్కారే ఆ మాట అంది. అందుకే ఇవాళ కలెక్టరాఫీసుకు ర్యాలీ.

బయలుదేరే ముందు కమిటీ నాయకుడు హన్మంత్ అందరికీ చెప్పాడు. "ఎవ్వరు రాయి ముట్టొద్దు. తిట్టొద్దు. వాళ్లు నెడితే మనం కూసోవాలె, అంతే." ఆడవాళ్లను ముందు నిలబెట్టారు. బ్యానరుకు ఒక కొస గంగి పట్టుకుంటే ఇంకో కొస పక్క గుడిసె భాగ్య పట్టుకుంది. 'ఇండ్ల జాగలు ఇయ్యాలె' అని అరుస్తూ కలెక్టరాఫీసు దాకా నడిచి, గేటు ముందు తారురోడ్డు మీద కూర్చున్నారు. కింద మంట, పైన మంట. మగవాళ్లు ఒక్కొక్కరే లేచి ప్రహరీ పక్కకు పోయి వస్తున్నారు. ఆడవాళ్లకు ఆ వీలు లేదు. అది తెలుసు కనకే పొద్దుటి నుంచీ ఎవరూ నీళ్లు ముట్టలేదు.

కాసేపటికి వ్యాన్లు వచ్చాయి. చిన్న వయసు కానిస్టేబుల్ పిల్ల ఒకతె గంగి దగ్గరికొచ్చి, "లే అక్కా, జర లే," అంటూ ఎడమచెయ్యి పట్టి లేపబోయింది. ప్రాణం పోతున్నట్టు అరిచింది గంగి. కొంగు జారింది. ఆ పిల్ల చెయ్యి చూసి గబుక్కున వదిలేసింది.

"నేను ఉత్తగ పట్టుకున్నంతే గదక్కా..."

అంతలో హన్మంత్ ఉరికి వచ్చి గంగి చేతిని పైకెత్తాడు. "చూడుండ్రి! శాంతంగ కూసున్న ఆడబిడ్డను ఎట్ల కొట్టిండ్రో చూడుండ్రి!" ఫోన్లన్నీ ఒక్కసారిగా లేచాయి. ఎవరో మైకు మూతి దగ్గర పెట్టి, "ఎవరు కొట్టిండ్రమ్మా?" అని అడిగారు.

గంగి వెనక్కి చూసింది. మగవాళ్ల వరసలో పూల్‌సింగ్ నిలబడి ఉన్నాడు. తల దించుకోలేదు. గడ్డంతో కానిస్టేబుల్ వైపు చూపించాడు, చెప్పు అన్నట్టు. మొగుడని చెబితే ఇంతమంది పోరాటం నవ్వులపాలవుతుంది. గుడిసెలు పోతాయి. పోలీసులని చెబితే, ఎదురుగా ఈ పిల్ల తన నోటికేసే చూస్తోంది. గంగికి ఏడుపొచ్చింది. అందరూ ఆ ఏడుపునే జవాబుగా తీసుకున్నారు.

మధ్యాహ్నానికల్లా ఆ వీడియో ఊరంతా తిరిగింది. సాయంత్రం అధికారులు నాయకులను లోపలికి పిలిచి, ప్రస్తుతానికి గుడిసెల జోలికి రామన్నారు. మనుషులు ఎగిరి గంతులేశారు. పూల్‌సింగ్ ఆమె చెవి దగ్గరికి వంగి, పక్కవాళ్లకు అర్థం కాకుండా తమ భాషలో, నా దెబ్బ ఎంత పనికొచ్చిందో చూశావా అన్నాడు. అని నవ్వాడు.

మర్నాడు పొద్దున పనిచేసే ఇంట్లో సునందమ్మ వరండాలోనే ఎదురైంది. "వీడియో చూసిన గంగీ, అన్నం సయించలే నాకు. ఆ పోలీసు పిల్లను డ్యూటీల నుంచి తీసేసిండ్రట, మంచిగైంది." గంగి చెయ్యి చూసి, "గని, ఎల్లుండి చుట్టాలొస్తున్నరు. ఆ చేత్తో బోళ్లు తోముడైతదా? లేకపోతే ఇంకెవరికన్న చెప్పుకుంట," అంది.

"అయితదమ్మా," అంది గంగి.

బోళ్లు తోముతున్నంతసేపూ ఆ పిల్ల గొంతే చెవిలో తిరిగింది. నిన్న అక్కడ అంతమంది ఆమె చేతిని పట్టుకున్నారు, ఎత్తారు, చూపించారు. నొప్పెట్టిందని తెలియగానే వదిలింది ఆ పిల్ల ఒక్కతే. ఆ ఒక్కదాని ఉద్యోగమే పోయింది. చెప్పేయాలనుకుంది గంగి. నోరు విప్పితే పూల్‌సింగ్ ఏం చేస్తాడో తెలుసు. అయినా హన్మంత్ న్యాయం తెలిసిన మనిషి, పదిమందిని కూర్చోబెట్టి అడుగుతాడు, ఏదో ఒక దారి చూపిస్తాడు అనుకుంది.

పని ముగించుకుని తిన్నగా గుడిసెల మధ్య వేసిన టెంటు దగ్గరికి పోయింది. హన్మంత్ చాయ్ తాగుతున్నాడు. పక్కన ఆడవాళ్లు అందరికీ వంట చేస్తున్నారు.

"అన్నా, నన్ను కొట్టింది ఆ పోలీసు పిల్ల కాదు. పూల్‌సింగ్."

హన్మంత్ గ్లాసు కింద పెట్టాడు.

"తెలుసు చెల్లె," అన్నాడు మెల్లగా. "పరదా గుడిసెలాయె. మొన్న నువ్వు మొత్తుకున్నది అందరం విన్నం. ఇప్పుడు గా ముచ్చట బయటవెట్టకు. జర జాగలు రానీ."

గంగి చుట్టూ చూసింది. ఉల్లిగడ్డలు కోస్తున్న భాగ్య తల ఎత్తలేదు. పిండి పిసుకుతున్న చేతులు ఆగలేదు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఎవరో ఒకరికి చెప్పుకుంటే చాలని పొద్దుటి నుంచీ అనుకుంటూ వచ్చింది. తెలియనివాళ్లు అక్కడ ఒక్కరూ లేరు.